వరసల పెట్టెలో ఎండునెత్తళ్ళ వాసన

రోజు 1

పంపులు నాలుగూ నడుస్తున్నాయి. మూడో దానికి కాస్త దగ్గు. శనిగ్రహం ఉంగరం నుంచి ఈసారి వచ్చిన మంచుగడ్డల్లో ఇసుక ఎక్కువ. జల్లెడ మార్చాను.

ఇది పంపుల గది లాగ్ పుస్తకం. ఇందులో పంపుల సంగతులు తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలో ఎర్రసిరాతో ఉంది. ఇవాళ్టి నుంచి పన్నెండు రోజులు నేను ఆ నియమం పాటించను. పంపులు చూసుకునే మనిషిని పట్టుకుని వరసల పెట్టె బాగుచెయ్యమన్నది సభవాళ్ళు. ఆ తద్దినమంతా ఎక్కడ రాయాలో వాళ్ళు చెప్పలేదు. ఇష్టం లేనివాళ్ళు పంపు రీడింగులు చూసుకుని పుస్తకం మూసెయ్యవచ్చు.

శని చుట్టూ తిరిగే మా తెప్ప మీద ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. వరస పెట్టి పిలుస్తారు. మొగుడూ పెళ్ళాలు మాత్రం తలుపేసుకుని పేర్లతో పిలుచుకోవచ్చు. అరవై ఏళ్ళ కిందట ఈ తెప్ప ఎక్కిన మూడువందల మందీ ఒకరికొకరు ఏమీ కారు. కాంట్రాక్టు మీద వచ్చిన వెల్డర్లు, వంటవాళ్ళు, కూలీలు. ఏమీ కానివాళ్ళ మధ్య ఇంత దూరంలో బతకలేమని శేషారత్నమ్మ అనే స్టోరు గుమస్తా అందరికీ వరసలు కలిపేసింది. జనాన్ని రెండు వైపులుగా విడదీసింది. ఒకే వైపు, ఒకే తరం అయితే అన్నాచెల్లెళ్ళు. చెరో వైపు అయితే బావామరదళ్ళు. ఎవరు ఏ వైపో చెబితే పార్టీలు కడతారని ఎవరికీ చెప్పకుండా, తనతో తెచ్చుకున్న పాత చిన్న కంప్యూటర్లో పెట్టేసింది. అది ఆ రోజుల్లోనే ముసలిది. తెరా మెదడూ అన్నీ ఒకే డబ్బాలో, పట్టుకు తిరగడానికి నెత్తిమీద ఒక పిడి. దేనితోనూ కలవదు, ఎవరి మాటా వినదు. ఆవిడకి నచ్చింది కూడా అదే. ఇద్దరి పేర్లు కొడితే వాళ్ళ వరస చెబుతుంది. పిలుపూ, పంక్తిలో వడ్డనా, పెళ్ళీ అన్నీ దాని మాట మీదే నడుస్తాయి.

పోయిన వారం ఒక పసిపిల్లకి వరసల జాబితా తీస్తే, ఆ పిల్ల తన తాతకి పిన్ని అని వచ్చింది. అనుమానం పుట్టి అందరూ తమవి మళ్ళీ అడిగారు. దాంతో కొంప మునిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ సూరమ్మకి వంటగదిలో వడ్డించే అబ్బాయి మామగారయ్యాడు. అతను గరిటె పట్టుకుని వచ్చినప్పుడల్లా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడుతోంది. అతను సిగ్గుతో కూరగిన్నె గుమ్మంలో పెట్టి పారిపోతున్నాడు. మా సూపర్వైజరు తన పేరే రెండుసార్లు కొట్టి చూసుకుంటే తనకి తానే తోడల్లుడని తేలింది. పెట్టె చెప్పాక నవ్వకూడదు. నేను నవ్వాను.

శాసనం ప్రకారం పెట్టె పాడైతే బాగుచెయ్యడానికి పన్నెండు రోజులు గడువు. ఈలోగా బాగుపడకపోతే అది ఎవరికి చివరగా ఏం చెప్పిందో ఆ వరసే ఖాయం.

నా సంగతి కూడా రాసేస్తాను. నాకు ఇరవై ఒకటప్పుడు నేనూ గౌరీసూ వెళ్ళి మా పేర్లు కొట్టించాం. పెట్టె "అన్న – చెల్లెలు" అంది. సూరమ్మ నాకు పెద్దమ్మ, గౌరీసుకి అత్త, అలాంటప్పుడు అతను నాకు బావ కాక ఏమవుతాడని నేను గట్టిగానే వాదించాను. పెట్టెకి లెక్క నేర్పుతావా అని పాత గుమస్తా కసిరి పంపేశాడు. ఇరవై ఆరేళ్ళుగా అతన్ని అన్నయ్యా అంటున్నాను. ఇరవై నాలుగేళ్ళుగా అతనే ఆ పెట్టెకి గుమస్తా. నేను పెళ్ళి చేసుకోలేదు, అతనూ చేసుకోలేదు. ఈ పన్నెండు రోజుల్లో అది బాగుపడితే ఆనాటి మాట నిజమో కాదో ఒక్కసారి అడుగుతాను. బాగుపడకపోతే చచ్చేదాకా అన్నయ్యే.

రోజు 2

పంపులు నాలుగూ నడుస్తున్నాయి. మూడోది దగ్గుతోంది.

ముందు తెప్పని నడిపే పెద్ద కంప్యూటర్ని, అదే మా పెద్దబుర్రని, సలహా అడిగాను. అలాంటి పరికరం తన జాబితాలో లేదనీ, గుమస్తా గది గోడ మొత్తం మార్చుకుంటే మంచిదనీ చెప్పింది. దాని బుర్ర అంతవరకే.

గౌరీసు నా కోసం బల్ల తుడిచి పెట్టాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. దగ్గరి చూపుకొకటి దూరపు చూపుకొకటి రెండు కళ్ళద్దాలు మెడలో వేలాడుతుంటాయి, చేతికొచ్చింది ఒకటైతే కావలసింది ఎప్పుడూ రెండోదే. పెట్టె మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. ముప్పై ఏళ్ళుగా అంతే. ఎవరైనా అడగడానికి వస్తే ముందు తెర కనబడేంత మటుకు గుడ్డ మడుస్తారు, అదే మర్యాద. నెత్తిమీద గాలి పోవడానికి ఉన్న చిల్లులన్నిటినీ ఆ మర్యాద మూసేసింది. లోపలి వేడికి పెట్టె ఉడికిపోయింది. పంపుకి ఎవరైనా అలా దుప్పటి కప్పితే చెయ్యి విరగ్గొట్టేదాన్ని.

స్క్రూలు పిడి కింద జానెడు లోతు గొట్టాల్లో ఉన్నాయి. మన స్క్రూడ్రైవర్లేవీ అందలేదు. మూలపడ్డ తొమ్మిదో నంబరు పాత పంపు కడ్డీ కోసి, కొనకి బిట్టు వెల్డింగ్ చేసుకున్నాను. మూత ఊడింది. గదంతా ఎండునెత్తళ్ళ వాసన.

తెప్ప మీద అరవై ఏళ్ళుగా చేప లేదు. నాకు ఆ వాసన తెలిసింది కూడా ఈ పెట్టె వల్లే. ముసలివాళ్ళు వారానికోసారి గుమస్తా గదికి వచ్చి, ఏమీ అడక్కుండా పెట్టె పక్కన కాసేపు కూర్చుని వెళతారు. శేషారత్నమ్మ ఊరు నుంచి తెచ్చిన పుణ్యం అందులో ఉందని అంటారు. వయసులో ఉండగా నేనూ నమ్మాను. ఇవాళ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే, ఆ పుణ్యం బోర్డు మీద కెపాసిటర్ల నుంచి కారుతోంది. వేలెడు కూడా లేని గుండ్రటి డబ్బాలు. వేడికి పొట్టలుబ్బి, లోపలి జిగట రసం బయటికొచ్చి రాగి గీతల మీద పచ్చగా పేరుకుంది.

రోజు 3

పంపులు మూడు. మూడో దాన్ని ఆపి విప్పాను.

ఇవాళ తప్పు నాది. కరెంటు తీసేసిన పంపు చచ్చిన పంపే. ఈ పెట్టె అలా కాదు. దీని పిక్చర్ ట్యూబు కరెంటు తీసేశాక కూడా గుక్కపట్టి దాచుకుంటుందని నాకు తెలియదు. ఎర్రవైరు చివర రబ్బరు టోపీ కింద వేలు పెట్టాను. భుజం దాకా ఝల్లుమని, చెయ్యి వెనక్కి లేచి గౌరీసు కళ్ళద్దాలు ఒక జత గాల్లోకి ఎగిరాయి.

నేను నేల మీద ఉన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"పైడీ" అన్నాడు. "పైడీ, సూడు నాకేసి. ఏటయింది?"

నా పూర్తి పేరు పైడితల్లి. ఇరవై ఆరేళ్ళుగా నా పేరు ఎవరి నోటా వినలేదు. తెప్ప మీద తలుపు తీసి ఉండగా ఆడమనిషిని పేరు పెట్టి పిలిస్తే సభ దాకా వెళుతుంది. అతనికి కూడా వెంటనే తెలిసొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి వదిలేసి, చెల్లీ అని సరిచేసుకుని, కళ్ళద్దాలు వెతుక్కోవడానికి బల్ల కిందికి దూరాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. అద్దాలు మాత్రం నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను చెప్పలేదు.

తరవాత స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, ఒక కొన ఇనప చట్రానికి తగిలించి, టోపీ కిందికి తోశాను. టప్పుమని చిటికేసినట్టు ఒక నిప్పురవ్వ. ఇక అది నిజంగా నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర వచ్చేలా లేదు.

రోజు 4

పంపులు నాలుగూ నడుస్తున్నాయి.

శేషారత్నమ్మ చేత్తో రాసిన చిట్టాపుస్తకం గౌరీసు ఇచ్చాడు. గుడ్డలో మూటగట్టి ఉంది. అతనికి కంఠతా వచ్చట. ఆవిడ దేనికీ మొహమాటపడే మనిషి కాదు. ఒకచోట ఇలా రాసింది: అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగి ప్రాణం తీసేవాళ్ళకి సిగ్గు రావాలని, వరస కింద చివరి లైనులో ఆ మాట ఇదివరకు ఎన్నిసార్లు అడిగారో వచ్చేలా పెట్టాను.

అలాంటి లైను ఉందని నేను ఎరగను. బతికున్నవాళ్ళెవరూ ఎరగరు. ఎందుకంటే ఈ తెర బొమ్మ ఏనాడో కుంచించుకుపోయింది. కింద రెండు వేళ్ళ మందం చీకటే. చివరి లైను ఆ చీకట్లో పడుతోందన్నమాట. వెనక నిలువు బోర్డు వంచి చూస్తే కారణం కనిపించింది. పెద్ద కనెక్టరు కాళ్ళ చుట్టూ సోల్డరు ఉంగరంలా పగిలి ఉంది. పదినిమిషాల పని.

బొమ్మ కూడా బాగుచేస్తానని చెబితే గౌరీసు వద్దన్నాడు. వరస కనబడుతోంది కదా, కింద ఏముంటే ఏమిటి, సోల్డరు ఎందుకు వృథా అని మొదలుపెట్టాడు. పొద్దున చిటికెడు దుమ్ము పడితే తుడిచేదాకా తిండి తినని మనిషి ఈ మాట అనడం నాకు వింతగా ఉంది. సగం రిపేరు నాకు చేతకాదని చెప్పి పగుళ్ళన్నీ కరిగించి పోశాను. అతను అటు తిరిగి చిట్టాపుస్తకం మళ్ళీ మూటగట్టాడు. ముడి మూడుసార్లు వేశాడు.

రోజు 6

పంపులు నాలుగూ. మూడోది దగ్గు మానలేదు, నేను చూడలేదు.

మెమరీ సంగతి. పెట్టె లేవగానే డిస్కులోంచి పేర్లన్నీ వచ్చి మెమరీలో ఎవరి గదిలో వాళ్ళు కూర్చుంటారు. రోజూ అవే గదులు. మెమరీ రెండు పట్టీలుగా ఉంది. అనుమానం లేని వరస ఒకటి పట్టుకుని పరీక్ష పెట్టాను: సూరమ్మ, ఆవిడ కన్నకొడుకు. పెట్టె "అత్త – అల్లుడు" అంది. పట్టీలు అటుదిటు మార్చాను. పట్టీ చెడిపోయి ఉంటే తప్పు దానితోపాటు జరగాలి. జరగలేదు, మళ్ళీ అత్త – అల్లుడే. అంటే పట్టీలు మంచివే. వాటి దాకా వెళ్ళే దారి తెగింది. కెపాసిటరు రసం రాగి గీతని తినేసింది. దాంతో ఆ దారిలో ఉన్న గదుల్లో ఎవరినడిగినా ఎడమ వైపూ కుడి వైపే అంటోంది. తరం కూడా ఒకటి ఎక్కువ చెబుతోంది.

భూతద్దం పెట్టి చూస్తే మచ్చ అంతా ఒకే వయసుది కాదు. ఒక మూల నల్లగా, రాయిలా గట్టిపడి ఉంది. చుట్టూ ఉన్న పచ్చ మాత్రం కొత్తది. ఆ నల్లమూల కిందనున్న గీత ఎనిమిది పేర్లు ఏ వైపో చెప్పే దారి. చిట్టాలో చూశాను, ఆ ఎనిమిదిలో నా పేరుంది.

ఆ నల్లదనానికి ఎంత వయసో బోర్డు చెప్పదు. అయిదేళ్ళయితే ఆనాటి మాట నిజం. ముప్పై ఏళ్ళయితే అబద్ధం. తేల్చడం నా వల్ల కాలేదు.

రోజు 7

పంపులు నాలుగూ.

పొద్దున ముసలివాళ్ళ బృందం వచ్చింది. సూరమ్మ ముందు నడిచింది. పెట్టె బాగుచేస్తే వాసన పోతుందని ఎవరో చెప్పారట. వాసన పోయేలా బాగుచెయ్యడానికి వీల్లేదని వాదన. వాసనే జబ్బు అని నేను ఎంత చెప్పినా తలకెక్కలేదు. చివరికి విసుగొచ్చి, అసలు ఈ వాసన ఎప్పటిది, పుట్టినప్పట్నుంచీ ఉందా అని అడిగాను.

సూరమ్మ నా పక్కన బల్ల మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పుట్టినకాడినుంచి ఏటి? నేదు. మా ముసిలోడు పోనాడు సూడు, ఆ ఏడాది మొదలైనాది. దినాలవగానే ఇక్కడికొచ్చి కూకున్నాను. నెత్తళ్ళ కూర అంటే పేణం పెట్టీవోడు. ఆడే వచ్చి నా పక్కన కూకున్నాడనుకున్నానే బుల్లీ."

ఆవిడ మొగుడు పోయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆయన పాడె మోసినవాళ్ళలో మా నాన్న ఉన్నాడు. నాకు బాగా గుర్తు. అప్పటికి నాకు పందొమ్మిది. అంటే నేనూ గౌరీసూ పేర్లు కొట్టించడానికి వెళ్ళేసరికే రసం కారుతూ రెండేళ్ళయింది.

గౌరీసు రెండు కళ్ళద్దాలూ ఒకేసారి పెట్టుకున్నాడు. సూరమ్మ చెయ్యి పట్టుకుని, పీకిన కెపాసిటర్లన్నీ సీసాలో వేసి ఇస్తానని మాటిచ్చాను. బిరడా గట్టిగా పెట్టుకుంటే ఆవిడ ఉన్నన్నాళ్ళూ వాసన వస్తుంది. బృందం సంతోషంగా వెళ్ళిపోయింది.

రోజు 9

పంపులు నాలుగూ. ఉంగరం మంచు తగ్గింది, నీటి వాడకం తగ్గించమని బోర్డు పెట్టాను. ఆ బోర్డు పెట్టి నేనే రెండు బిందెల వేడినీళ్ళు వాడాను.

బోర్డు కడగాలి. తెప్ప మీద ఎలక్ట్రానిక్ సరుకు కడిగే మందు లేదు. కిలుం పట్టిన ఇత్తడి బిందె మా అమ్మ దేనితో తోమేదో దానితోనే తోమాను: చింతపండు. ఉప్పు లేకుండా, పలచగా పిసికి, పళ్ళు తోముకునే బ్రష్షుతో. గౌరీసు గోడ పట్టుకుని నిలబడి చూశాడు. అరవై ఏళ్ళ బంధుత్వాల మీద నేను చింతపండు రుద్దుతున్నానని గొణిగాడు. తరవాత వేడినీళ్ళు, ఆ తరవాత ఆసుపత్రి స్పిరిటు. పంపుల గది పైపు మీద రోజంతా ఆరబెట్టాను.

పచ్చ పోయింది. నల్లమూల కింద రాగిగీత అంగుళం మేర లేనే లేదు. వెంట్రుకంత వైరు తీసి దాని మీద నుంచి వంతెన వేశాను. చెయ్యి వణకకూడదని ఊపిరి బిగపట్టాను. పక్కన గౌరీసు కూడా ఊపిరి బిగపట్టాడు. అతని వంతు పని ఏమీ లేదు, అయినా.

రోజు 10

పంపులు నాలుగూ. తొమ్మిదో నంబరు పాత పంపు బోర్డు నుంచి పదకొండు కెపాసిటర్లు పీకాను. అది ఎలాగూ కడ్డీ పోగొట్టుకుంది.

పది సరిగా పెట్టాను. ఒకటి తలకిందులుగా పెట్టాను. నలభై ఏడేళ్ళ మనిషిని, ప్లస్సూ మైనస్సూ ఎరిగినదాన్ని. ఆన్ చెయ్యగానే తుపాకీ మందులా పేలి, గదిలో తెల్లపొగ. గౌరీసు పరుగెత్తుకెళ్ళి ఆ కుట్టుపని గుడ్డతో పెట్టెకి విసరడం మొదలెట్టాడు. ఆ గుడ్డ మొదటిసారి ఒక పనికొచ్చింది.

పదకొండోది కావాలి. ఆ కొలతది తెప్ప మొత్తం మీద ఇంకొకటే ఉంది. మూడో పంపులో. అది పీకితే మూడో పంపు ఆగుతుంది, మంచు తగ్గిన ఈ రోజుల్లో నీళ్ళు సగం అవుతాయి, సూపర్వైజరు నన్ను తినేస్తాడు. ఆ పంపు ముందు గంటసేపు కూర్చున్నాను. నా గురించి కాకపోతే పీకేదాన్నా అని నన్ను నేనే అడిగాను. పీకను. అందుకని పీకలేదు.

రోజు 11

పంపులు మూడు. మూడోది ఆగింది. నేను ఆపలేదు.

పొద్దున వచ్చేసరికి దాని బోర్డు విప్పి ఉంది. కెపాసిటరు ఒక చిన్న గిన్నెలో పెట్టి నా బల్ల మీద ఉంది. పక్కన సూపర్వైజరు చీటీ: మూడో పంపు మరమ్మతు నిమిత్తం రెండు రోజులు ఆపడమైనది, నీళ్ళు సగం వాడుకోండి. కింద చిన్న అక్షరాలతో, తనకి తాను తోడల్లుడిగా బతకలేకపోతున్నానని రాశాడు.

మంచి మనిషి. ఈ పుస్తకం అతను చదువుతున్నాడని కూడా తెలిసింది. కెపాసిటరు పెట్టాను. ప్లస్సు ఎటో ముగ్గురికి చూపించాను.

రోజు 12

మధ్యాహ్నం సభ. పొద్దున్నే పెట్టె ఆన్ చేశాను. ఒక గంట మోగినట్టు మోగింది. బొమ్మ నిలువునా నిండుగా, అంచు నుంచి అంచు దాకా లేచింది. వాసన లేదు. సూరమ్మ, ఆవిడ కొడుకు అని కొట్టాను. "తల్లి – కొడుకు" అంది. వడ్డించే అబ్బాయి ఆవిడకి మనవడి వరస అయ్యాడు, ఇక కూరగిన్నె బల్ల దాకా వస్తుంది. సూపర్వైజరు, సూపర్వైజరు అని కొడితే, "తానే" అంది.

గౌరీసు లేచాడు. సభ వేళవుతోంది, ఇక మూత పెట్టేద్దాం అన్నాడు. నేను అతని వైపు చూడకుండా రెండు పేర్లు కొట్టాను. ఇరవై ఆరేళ్ళ కిందట కూడా పెట్టె ఇంతసేపే ఆలోచించిందేమో, గుర్తులేదు.

"బావ – మరదలు."

కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది. ఒక డబ్బాడు జిగట రసానికి, పెట్టెకి లెక్క నేర్పుతావా అన్న ఒక ముసలాడికి, నోరు మూసుకుని వెళ్ళిపోయిన నాకు ఇరవై ఆరేళ్ళు ఇచ్చేశాను. ఆ కోపం తగ్గేది కాదు. అది రాయడానికి ఇంకో పుస్తకం కావాలి.

అప్పుడు కింద చివరి లైను చూశాను. ముప్పై ఏళ్ళుగా చీకట్లో ఉన్నది.

"ఇదివరకు అడిగిన సార్లు: 25."

ఒకటి మేమిద్దరం కలిసి అడిగింది. నేను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మిగతావి ఇరవై నాలుగు. అతను గుమస్తా అయి ఇరవై నాలుగేళ్ళు.

తిరిగి చూస్తే గౌరీసు గోడకేసి చూస్తున్నాడు. చెవులు మూడో రోజు కంటే ఎర్రగా ఉన్నాయి.

"ఏటా ఆ రోజున ఒక్కపాలి" అన్నాడు. "ఏటి సెప్తాదో తెలుసును. అయినా ఈ ఏడాది మారి ఉంటాదేమోనని."

నాకు ఏడుపొచ్చింది. దాచలేదు. ముక్కు తుడుచుకుని, సభకి పోవాలి కదా అని గుర్తొచ్చి, పని చేసే మనిషి ఎలా అడుగుతుందో అలాగే అడిగాను.

"బావా, ఆ మూత ఇలా ఇయ్యి."

అతను ఇవ్వలేదు. మూత ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుని, కావలసిన కళ్ళద్దాలు మొదటిసారే పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతుకుతూ మా పేర్లు మళ్ళీ కొట్టాడు. అదే వరస వచ్చింది. కింద అంకె 26 అయింది. శేషారత్నమ్మ అనుకున్నట్టు అతను సిగ్గుపడినట్టేమీ లేదు.

పంపులు మూడు నడుస్తున్నాయి.